లాబీలో సోఫాలు తర్వాత, రాత్రి రెండింటికి డ్యూటీలో ఎవరున్నారో ముందు అడగండి

పెద్దవాళ్ల కోసం సీనియర్ లివింగ్ చూడ్డానికి వెళ్లిన కుటుంబాలు ఎక్కడికెళ్లినా అవే ప్రశ్నలు అడుగుతాయి. గది ఎంత ఉంటుంది, గాలీ వెలుతురూ వస్తాయా, తోట ఉందా, వారంలో ఏ రోజు ఏం వండుతారు, వైఫై వస్తుందా? తిప్పి చూపించే మార్కెటింగ్ మనిషికి కావలసిందీ అదే. వీటన్నిటికీ జవాబులు బ్రోషర్‌లో రంగుల్లో అచ్చేసి ఉంటాయి మరి. తోట లేక ఏ పెద్దాయన ప్రాణమూ పోలేదు. అర్ధరాత్రి బాత్‌రూంకని లేచి పడిపోయి, పిలిస్తే పలికే దిక్కులేక పోయినవాళ్లున్నారు.

కాబట్టి మొదటి ప్రశ్న మనుషుల లెక్క. ఇక్కడే మొదటి మాయ కూడా. "మా దగ్గర ఐదుగురికి ఒకరు చొప్పున స్టాఫ్ ఉన్నారండీ" అంటారు. ఆ లెక్కలో మేనేజరు, రిసెప్షన్ అమ్మాయి, వంటవాళ్లు, తోటమాలి అందరూ కలిసిపోయి ఉంటారు. అడగాల్సింది ఇలా: ఈ అంతస్తులో, రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా, మంచం మీంచి మనిషిని లేపి కూర్చోబెట్టే చేతులు ఎన్ని? ఆ రాత్రి ఒకరు డ్యూటీకి రాకపోతే ఆ ఖాళీలోకి వచ్చేది ఎవరు?

ఒక చిన్న లెక్క వేసుకోండి. ముప్పై మందికి రాత్రిపూట ఇద్దరు కేర్‌టేకర్లు. కాలు కదపలేని ఒకావిడ పక్క తడిసింది. ఆవిణ్ణి తిప్పి, తుడిచి, బట్టలు మార్చి, దుప్పటి మార్చాలంటే ఇద్దరూ కావాలి, పావుగంటకు తక్కువ పట్టదు. ఆ పావుగంట మిగతా ఇరవై తొమ్మిది మందికీ ఎవరూ లేరన్నమాట. వాళ్లిద్దరూ ఎంత మంచివాళ్లయినా ఈ లెక్క మారదు. ఆలనాపాలనా బాగుండని చాలాచోట్ల తప్పు మనసుల్లో ఉండదు, డ్యూటీ చార్టులో ఉంటుంది.

నర్సు సంగతి విడిగా అడగండి. "24 గంటలూ నర్సు అందుబాటులో" అన్నదాంట్లో అందుబాటు అన్న మాటని పట్టుకోండి. బిల్డింగ్‌లో మెలకువగా ఉంటుందా, ఇంట్లో పడుకుని ఫోన్ ఎత్తుతుందా? రెండూ ఒకటి కాదు. ఈ రాత్రి షిఫ్టు వాళ్లు ఎన్నాళ్లుగా పనిచేస్తున్నారో కూడా కనుక్కోండి. మూడు నెలలకోసారి మనుషులు మారిపోయే చోట, ఫలానా ఆయన మామూలుగా ఎలా ఉంటాడో ఎవరికీ తెలియదు. మామూలు తెలియకపోతే తేడా కనిపెట్టేదెలా? నిన్నటిదాకా గలగలా మాట్లాడిన మనిషి ఇవాళ ముభావంగా, మగతగా ఉంటే అది ఒంట్లో ఇన్ఫెక్షన్‌కి మొదటి గుర్తు కావచ్చు. పెద్దవయసులో జ్వరం కంటే ముందు తికమకపడటమే కనిపించొచ్చు. పాత ఆయా పసిగడుతుంది. నిన్న చేరిన పిల్ల "పెద్దాయన నిద్రపోతున్నాడు" అని రాసేసి వెళ్లిపోతుంది.

ఇక కాలింగ్ బెల్. దయచేసి మొహమాటపడకండి, చూపించే గదిలోనే బెల్ నొక్కి గడియారం చూడండి. బాత్‌రూంలో లాగితే బెల్ మోగే ఎమర్జెన్సీ తాడు ఉంటే, నేల దాకా వేలాడుతోందా లేదా చూడండి. తుడిచేటప్పుడు అడ్డమని దాన్ని పైకి చుట్టి ముడేస్తుంటారు. పడిపోయిన మనిషి నేలమీద ఉంటాడు, తాడు నాలుగడుగుల ఎత్తులో ఉంటుంది. అంత డబ్బు పోసి పెట్టించిన సిస్టం ఒక్క ముడితో చచ్చిపోయింది. తర్వాత బెల్ రికార్డు అడగండి. "సగటున నాలుగు నిమిషాల్లో వెళ్తాం" అంటే సంతోషించకండి, సగటు కింద నలభై నిమిషాలు ఎదురుచూసిన మనిషి కూడా దాక్కోవచ్చు. పోయిన నెలలో అన్నిటికంటే ఆలస్యమైన పది పిలుపులు చూపించమనండి. ఇంకో తిరకాసు: బెల్‌ని గదిలోకి వెళ్తేనే ఆపగలరా, డెస్క్ దగ్గర కూర్చునే ఆపేయొచ్చా? డెస్క్ దగ్గరే ఆపగలిగితే ఆ రికార్డు కాగితం విలువ కూడా చేయదు.

పడిపోవడాల గురించి అడిగితే "మా దగ్గర ఎవరూ పడరండీ" అన్నచోట నుంచి నమస్కారం పెట్టి వచ్చేయండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం ఏటా సుమారు 6,84,000 మంది పడిపోవడం వల్ల చనిపోతున్నారు, అందులో ఎక్కువమంది అరవై దాటినవాళ్లు. పెద్దవాళ్లున్న చోట పడటం ఉంటుంది. అసలు పడరంటే రాయడం లేదని అర్థం, లేదా నడవనివ్వడం లేదని అర్థం. రెండోదే ఘోరం. రోజంతా కుర్చీకి అతికించి కూర్చోబెడితే రికార్డు బాగానే ఉంటుంది. కొన్ని వారాలకే తొడల్లో సత్తువ పోయి, మళ్లీ లేచే మాటే ఉండదు.

పడ్డాక ఏం చేస్తారన్నదాంట్లో పనితనం తెలుస్తుంది. రక్తం పలచబడే మందు వాడే మనిషి తలకి దెబ్బ తగిలితే, పైకి ఏమీ లేకపోయినా ఆస్పత్రికి పంపుతారా? పడుకున్నప్పుడూ, లేచి నిలబడ్డ మూడు నిమిషాల్లోపూ బీపీ చూస్తారా? లేచాక పై అంకె 20 పాయింట్లు గానీ కింది అంకె 10 పాయింట్లు గానీ తగ్గితే, కళ్లు తిరగడానికి కారణం దొరికినట్టే. ఏ మందు మార్చారు, ఏ చెప్పులు వేసుకున్నారు, ఎన్నింటికి పడ్డారు, ఇవన్నీ రాస్తారా? ఒకే మనిషి మూడుసార్లు తెల్లవారుజామున నాలుగింటికి పడ్డాడంటే, మూడున్నరకి ఒకరు వెళ్లి బాత్‌రూంకి తీసుకెళ్తే సరిపోతుంది. ఈ లంకె ఎవరైనా కలిపారా అన్నదే ప్రశ్న. గంటకు మించి నేలమీదే ఉండిపోతే ఎముక విరగకపోయినా ముప్పే. కండ కరిగి కిడ్నీల మీద పడుతుంది, ఒరుసుకున్న చోట చర్మం చితుకుతుంది.

బాత్‌రూంలో పట్టుకుని లేవడానికి గోడకి బిగించే గ్రాబ్ బార్‌ని ఫొటో తీసుకోవడం కాదు, పట్టుకుని మీ బరువు దాని మీద వేయండి. వికలాంగుల సౌకర్యాలకు అమెరికా పెట్టిన ప్రమాణం ప్రకారం అది నేల నుంచి 33 నుంచి 36 అంగుళాల ఎత్తులో ఉండాలి, గోడకీ బార్‌కీ మధ్య అంగుళంన్నర సందు ఉండాలి, సుమారు 113 కిలోల బలానికి తట్టుకోవాలి. సందు ఎక్కువైతే చెయ్యి జారి మోచేయి దాకా ఇరుక్కుంటుంది. టవల్ వేసుకునే రాడ్డుని గ్రాబ్ బార్ అని చూపించే మహానుభావులూ ఉన్నారు. గోడకి రబ్బరు కప్పుతో అతికించేవి అసలు వద్దు. తలుపు లోపలికి తెరుచుకుంటే, పడిపోయిన మనిషే తలుపుకి అడ్డంగా పడి ఉంటాడు, బయటినుంచి తెరవలేరు.

వేడి నీళ్ల దగ్గర ముందు నుయ్యి వెనక గొయ్యి. ట్యాంకులో నీళ్లు గోరువెచ్చగా ఉంచితే లీజియోనెల్లా అనే బ్యాక్టీరియా పెరుగుతుంది. ఊపిరితిత్తులకి పాకితే పెద్దవాళ్లు కోలుకోవడం కష్టం. అందుకని 60 డిగ్రీల దగ్గర నిల్వ చేయాలి. ఆ 60 డిగ్రీలు అలాగే కొళాయిలోంచి వస్తే, ఐదారు సెకన్లలో ఒళ్లు బొబ్బలెక్కుతుంది. పలచబడ్డ చర్మానికి ఇంకా తొందరగా. దీనికి మందు కొళాయి దగ్గర పెట్టే, చన్నీళ్లు కలిపే మిక్సింగ్ వాల్వ్, స్నానం నీళ్లు 43, 44 డిగ్రీలు దాటకుండా చూస్తుంది. ఆ వాల్వ్ ఉందా, ఆఖరిసారి ఎప్పుడు పరీక్షించారు అని అడిగితే మెయింటెనెన్స్ వాళ్లు తడుముకోకూడదు. ఒక మామూలు థర్మామీటర్ జేబులో వేసుకెళ్లినా నష్టం లేదు.

మందుల దగ్గర కళ్లు ఇంకాస్త పెద్దవి చేసుకోండి. మాత్రలు పంచే సమయానికి అక్కడుండి గమనించండి. పొద్దున్నే ఇరవై చిన్న కప్పుల్లో మాత్రలు పోసి ట్రేలో పేర్చుకుని బయల్దేరారంటే, ఒక కప్పు తారుమారైతే చాలు. మనిషి ఎదురుగా, పేరు సరిచూసి, పట్టీలోంచి తీసి, మింగాక అప్పుడు సంతకం పెట్టాలి. ముందే సంతకాలు పెట్టేసిన షీటు కనిపిస్తే ఇంక వేరే ఆధారం అక్కర్లేదు. మింగలేనివాళ్లకి మాత్రలు పొడి చేసి ఇస్తారా అని అడగండి. ఇస్తాం అంటే, ఏవి పొడి చేయకూడదో లిస్టు ఉందా అనండి. రోజంతా కొంచెం కొంచెంగా కరగాల్సిన మాత్రని నూరి ఇస్తే పన్నెండు గంటల డోసు ఒక్కసారే ఒంట్లోకి పోతుంది. పార్కిన్‌సన్స్ (వణుకు జబ్బు) ఉన్నవాళ్లకి దానికి వాడే లెవోడోపా మాత్ర వేళ తప్పితే ఒళ్లు బిగుసుకుపోతుంది, మింగడమూ కష్టమవుతుంది. "భోజనాలయ్యాక అందరికీ ఇస్తాం" అనే పద్ధతి వాళ్లకి పనికిరాదు.

డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ఉన్నవాళ్లు సాయంత్రం పూట చిరాకుపడి అటూ ఇటూ తిరుగుతుంటే సైకోసిస్‌కి, అంటే తీవ్రమైన మానసిక జబ్బుకి వాడే మందు వేసి పడుకోబెట్టడం చాలాచోట్ల సులువైన దారి. ఈ మందులు డిమెన్షియా ఉన్న పెద్దవాళ్లలో మరణాల ముప్పు పెంచుతాయని 2005లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ మందు వివరాల పత్రంలో గీతల పెట్టె కట్టి హెచ్చరిక వేయించింది. ఎంతమంది ఈ మందుల మీద ఉన్నారు, ఎవరు రాశారు, తగ్గించి చూసే ప్రయత్నం ఎప్పుడు చేశారు అని అడగండి. సాయంత్రం ఐదింటికి హాలంతా టీవీ ముందు తలలు వాల్చి నిద్రపోతుంటే అది ప్రశాంతత అనుకోకండి.

నా మటుకు నన్ను రెండే రెండు అంకెలు అడగమంటే బరువూ, కదలకుండా పడుకోవడం వల్ల పడే పుండ్లూ అడుగుతాను. వీటిని అలంకరించడం కష్టం. నెలకోసారైనా తూచాలి. నెలలో వందకి ఐదు, ఆరు నెలల్లో వందకి పది తగ్గితే ఆందోళన పడాల్సిందే. యాభై కిలోల మనిషికి నెలలో రెండున్నర కిలోలు. కళ్లకి తెలియదు, జాకెట్టు వదులైతే తెలుస్తుంది. కారణం ఒక్కోసారి దంతాల సెట్టు సరిపోకపోవడం, ఒక్కోసారి తినిపించే మనిషికి తీరికలేకపోవడం. భోజనాల వేళ వెళ్లి చూడండి. తినిపించాల్సిన మనిషికి అరగంట పట్టొచ్చు. నిలబడి, ఒకేసారి ఇద్దరికి, ఫోన్ చూసుకుంటూ గబగబా పెడుతుంటే పొలమారుతుంది, ముద్ద ఊపిరితిత్తుల దారి పడుతుంది, న్యుమోనియా అవుతుంది. నిటారుగా కూర్చోబెట్టి పెట్టాలి, తిన్నాక ఓ అరగంట పడుకోబెట్టకూడదు.

పుండ్ల గురించి "ఎంతమందికి ఉన్నాయి" అనకండి. "ఇక్కడికి వచ్చాక ఎంతమందికి వచ్చాయి" అనండి. కదల్లేని మనిషిని రెండు గంటలకోసారి పక్క మార్చడం పాత రివాజు, మనిషిని బట్టి పరుపుని బట్టి ఈ వ్యవధి మారుతుంది. చార్టు అయితే ఉంటుంది. ఖాళీ గది సోకులు చూసింది చాలు, పేరు కప్పేసి ఆ చార్టు ఒకటి చూపించమనండి. పది, పన్నెండు, రెండు, నాలుగు, ఆరు... అన్నీ ఒకే పెన్నుతో, ఒకే వాలుతో, నిమిషం తేడా లేకుండా ఉన్నాయనుకోండి, పొద్దున డ్యూటీ దిగేముందు కూర్చుని నింపినదే. నిజంగా తిరిగిన మనిషి రాత 12.10, 2.25 అని గజిబిజిగా ఉంటుంది.

మంటలొస్తే ఏం చేస్తారని ఒక్కటి తప్పక అడగండి: ఆఖరి డ్రిల్లు రాత్రి సిబ్బందితో ఎప్పుడు చేశారు? పగలు ముప్పైమంది స్టాఫ్‌తో చేసిన డ్రిల్లుకి విలువ తక్కువ. లిఫ్టు వాడకూడదు, నడవలేనివాళ్లని మెట్ల మీంచి దింపలేరు. కాబట్టి అదే అంతస్తులో మంట ఆపే తలుపుల అవతలికి మంచాలు తోసుకెళ్లే ఏర్పాటుండాలి. ఆ తలుపులకి చెక్కముక్క అడ్డంపెట్టి తెరిచి ఉంచారేమో చూడండి. చాలాచోట్ల ఉంచుతారు, వీల్‌చెయిర్లు తిప్పడానికి తేలికని. పొగకీ తేలికే.

సీసీ కెమెరాలు గొప్పగా చూపిస్తే విని ఊరుకోండి. కెమెరా పడిపోయిన మనిషిని లేపదు.

అగ్రిమెంటులో నేను వెతికేది ఒక్క పేరా. ఆరోగ్యం దిగజారితే ఎవరు నిర్ణయిస్తారు, ఎన్ని రోజుల్లో ఖాళీ చేయమంటారు? మతిమరుపు ముదిరితే, ఇద్దరు పట్టుకుంటే గానీ లేవలేకపోతే ఉంచుకుంటారా? ఆస్పత్రిలో ఉన్న రోజుల్లో గది ఉంటుందా? "కడదాకా మేం చూసుకుంటాం" అని నోటితో చెప్పింది కాగితం మీద లేకపోతే లేనట్టే.

వీలైతే చేర్చేముందు రెండు వారాలు తాత్కాలికంగా ఉంచి చూడండి. చేర్చాక మాత్రం ఆదివారం పదకొండింటికని అందరికీ తెలిసేలా వెళ్లకండి. ఒకసారి రాత్రి ఎనిమిదికి, ఒకసారి పొద్దున ఏడింటికి వెళ్లండి. గోళ్లు చూడండి, కళ్లద్దాలు తుడిచి ఉన్నాయా, వినికిడి మిషన్‌లో బ్యాటరీ పనిచేస్తోందా చూడండి. మంచం పక్క నీళ్ల గ్లాసు ఎక్కడ పెట్టారో చూసి, మంచం మీంచి అందుతుందో లేదో మీరే పడుకుని చెయ్యి చాపండి. సాయంత్రానికి కూడా గ్లాసు నిండుగానే ఉంటే డ్యూటీలో ఎవరున్నారో అక్కడికక్కడే అడగండి.