శూన్యంలో కొంచెం వాయువు

శూన్యంలోకి వ్యాపించే స్నిగ్ధ వాయువుకు, అంటే లోలోపల ఒరిపిడి ఉన్న వాయువుకు, గణిత నమూనా కట్టేవారి మీద అపవాదులు మరీ ఎక్కువైపోయాయి కనుక, వారి పక్షాన నాలుగు మాటలు రాయడం నా విధి అనుకుంటున్నాను. శ్రీహరికోట మా తిరుపతి జిల్లాలోనే ఉంది. అక్కడ లేచిన రాకెట్టు పై దశల్లో వదిలే వాయువు పోయేది దాదాపు శూన్యంలోకే కాబట్టి, ఈ విషయంలో మాట్లాడే హక్కు మాకు కాస్త ఎక్కువే.

నేవియర్ 1822లో మొదలుపెట్టగా స్టోక్స్ 1845లో ఒక కొలిక్కి తెచ్చిన ప్రవాహ సమీకరణాలు వాయువు ఉన్నంతమేర బుద్ధిగానే నడుస్తాయి. చిక్కంతా వాయువు అయిపోయే అంచు దగ్గర. త్వరణం తేలాలంటే బలాన్ని సాంద్రతతో భాగించాలి, అక్కడ సాంద్రత సున్నా. పైగా వాయువు పలచబడినంత మాత్రాన స్నిగ్ధత తగ్గదని మాక్స్‌వెల్ 1860లోనే తేల్చిపెట్టాడు; అందువల్ల స్నిగ్ధతను సాంద్రతతో భాగించగా వచ్చే సంఖ్య అంచుకు పోయేకొద్దీ అనంతం వైపు ఎగబాకుతుంది. అంటే, ఒరుసుకోవడానికి ఎవరూ మిగలని చోటే ఒరిపిడి ప్రభావం పరాకాష్ఠకు చేరుతుందని నమూనా గంభీరంగా ప్రకటిస్తుంది. మనం నవ్వవచ్చు గానీ కంప్యూటరు నవ్వదు. కాలాన్ని అంతకంతకూ సన్నటి ముక్కలుగా తరుగుతూ, తెల్లవార్లూ పనిచేసి కూడా వాయువును వెంట్రుకవాసి కదపదు.

అప్పుడు పరిశోధకుడు గుట్టుచప్పుడు కాకుండా శూన్యంలో కొంచెం వాయువు పోస్తాడు, లోపలి సాంద్రతలో ఏ పదిలక్షవ వంతో. ఇందులో తప్పేముంది? తిరుపతి బస్టాండులో చిత్తూరు బస్సు పూర్తిగా ఆగకముందే కిటికీలోంచి సీటు మీద పడే తువ్వాలు చేసేదీ ఇదే పని. సీటులో మనిషి లేడు, అయినా సీటు ఖాళీ కాదు. అడిగితే "మనిషుండాడు సార్, టీకి పోయినాడు" అంటారు. పరిశోధనా పత్రంలో ఆ తువ్వాలు పేరు నేపథ్య సాంద్రత. శీర్షికలో మాత్రం శూన్యం శూన్యంగానే ఉంటుంది.

గిట్టనివారి అభ్యంతరాలు కూడా చెప్పాలి. స్నిగ్ధతను లెక్కలోకి తీసుకోకపోతే, నిశ్చలంగా ఉన్న గాలి నిజమైన శూన్యంలోకి తన ధ్వని వేగానికి అయిదు రెట్ల వేగంతో, అంటే సెకనుకు సుమారు 1700 మీటర్ల చొప్పున దూసుకుపోగలదు. తువ్వాలు వాయువు అడ్డముంటే ఆ వేగం అందదు సరికదా, శూన్యంలో ఉండడానికే వీల్లేని ఆఘాత తరంగం, అంటే పీడనం ఒక్కసారిగా ఎగిసే అల, ఒకటి పుట్టుకొస్తుంది. స్నిగ్ధత స్థిరమనుకున్నప్పుడు, శూన్యంలో పోసిన వాయువును సున్నాకు దించుకుంటూ పోయినా అసలు శూన్యపు జవాబు రాకపోవచ్చునని హాఫ్, సెర్ అనే గణితజ్ఞులు 1991లో చూపించారు. అంచులో అణువులు ఢీకొనడమే అరుదు కనుక అక్కడ అణువుల ఢీకొట్లను లెక్కగట్టే బోల్ట్‌జ్‌మన్ 1872 నాటి సమీకరణమే దిక్కని మరికొందరి వాదన. ఇవన్నీ నిజాలే, కాదనను. అయితే నిజాలకు ఫెలోషిప్ గడువు ఉండదు.

ఇంకా పెడసరపువారు ఆ నేపథ్య సాంద్రతను పదోవంతుకు తగ్గించి లెక్క మళ్లీ నడిపి చూపమంటున్నారట. నడిపితే జవాబు మారుతుంది. మారితే పటాలన్నీ మళ్లీ గీయాలి, ముగింపు పేరా మళ్లీ రాయాలి, సరిపోయిందని గైడు చేసిన సంతకం మళ్లీ అడగాలి.