టైపింగ్ వచ్చినవాణ్ణి ఎవరు అమ్ముతారు అని అడిగేవాళ్లకు

మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ తిరుగుతోంది. కంబోడియాలోనో మయన్మార్‌లోనో ఆన్‌లైన్ మోసాల కేంద్రాల్లో చిక్కుకున్న మన కుర్రాళ్లను వెనక్కి తెచ్చారన్న వార్త వచ్చినప్పుడల్లా అదే మెసేజ్ కొత్త ఫొటో తగిలించుకుని మళ్లీ వస్తుంది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇది: "వీళ్లు బాధితులు కాదు. డిగ్రీలు, బీటెక్‌లు చదివినవాళ్లు. సొంత పాస్‌పోర్టుతో, సొంత ఖర్చుతో విమానం ఎక్కారు. చేతిలో ఫోను, ఎదురుగా కంప్యూటరు పెట్టుకుని మన డబ్బే దోచారు. దొరికిపోయాక మమ్మల్ని అమ్మేశారని ఏడుస్తున్నారు. మానవ అక్రమ రవాణా అంటే ఆడపిల్లల్ని ఎత్తుకెళ్లడం, ఇది కాదు. మన పన్నులతో విమానాలు పెట్టి తేవడం దండగ. దిగగానే జైల్లో వేయాలి."

ఇన్నాళ్లూ చూసి వదిలేశాను. మొన్న మా వీధి చివరింటి పిన్ని ఫోను పట్టుకుని వచ్చింది. మాకు చుట్టరికం లేదు, వరసకు అలా పిలుస్తాను. "బాబూ, ఇది మావాడి గురించేనా?" అని అడిగింది. వాళ్లబ్బాయి కంబోడియా నుంచి తిరిగొచ్చినవాడు. ఆవిడ అలా అడిగాక ఊరుకోవడం నావల్ల కాలేదు. అందుకే ఒక్కో మాటా తీసుకుని జవాబు రాస్తున్నాను.

"చదువుకున్నవాళ్లకు ఆ మాత్రం తెలియదా?"

ఈ దందాకు కావలసిందే చదువుకున్నవాళ్లు. ఇటుక బట్టీకి మనుషుల్ని తోలుకెళ్లేవాడు రెక్కల్లో సత్తువ చూస్తాడు. ఆన్‌లైన్ మోసాల కంపెనీకి మనుషుల్ని చేర్చేవాడు టైపింగ్ వేగం చూస్తాడు, ఇంగ్లిష్ చూస్తాడు, హిందీ, తెలుగు వచ్చా అని అడుగుతాడు. తెలుగువాళ్లతో తీయగా మాట్లాడి పెట్టుబడి గ్రూపులోకి లాగాలంటే తెలుగు వచ్చినవాడు కావాలి కదా. ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం 2023 ఆగస్టులో ఇచ్చిన నివేదికలో ఇదే రాసింది: ఈ కేంద్రాల్లో చిక్కినవాళ్లలో మగవాళ్లే ఎక్కువ, చాలామంది బాగా చదువుకున్నవాళ్లు, కంప్యూటర్ తెలిసినవాళ్లు, రెండు మూడు భాషలు వచ్చినవాళ్లు. అంతకు ఏడాది ముందే, 2022 సెప్టెంబరులో, మన విదేశాంగ శాఖ ఒక హెచ్చరిక ఇచ్చింది. థాయ్‌లాండ్‌లో డిజిటల్ మార్కెటింగ్ ఉద్యోగాలంటూ ఐటీ తెలిసిన యువతకు గాలం వేస్తున్నారని, అక్కడి నుంచి సరిహద్దు దాటించి మయన్మార్‌కు తీసుకుపోతున్నారని చెప్పింది.

పిన్ని వాళ్లబ్బాయికి వీడియో కాల్‌లో ఇంటర్వ్యూ చేశారట. స్క్రీన్ మీద ఒక పేరా పెట్టి, టైమ్ చూసుకుంటూ కొట్టమన్నారు. మొదటిసారి తప్పులొస్తే, "పర్లేదు, నిదానంగా ఇంకోసారి కొట్టు తమ్ముడూ" అన్నాడట అవతలివాడు. రెండోసారి పాసయ్యాడు. ఆ సాయంత్రం పిన్ని వీధంతా లడ్డూలు పంచింది, మా ఇంటికీ తెచ్చింది. "టెస్ట్ పెట్టారంటే నిజం కంపెనీయే అనుకున్నాం బాబూ" అంటుంది ఇప్పుడు. ఎవరైనా అలాగే అనుకుంటారు. మోసగాడు పరీక్ష పెట్టి, తప్పులు దిద్దుకోమని ఓపిగ్గా చెబుతాడని ఎవరికి తోస్తుంది?

"ఎవరూ ఎత్తుకెళ్లలేదు. సొంత పాస్‌పోర్టుతో వెళ్లారు."

నిజమే, విమానం తామే ఎక్కారు. కానీ ఎక్కడికని ఎక్కారు, ఎక్కడ తేలారు? 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టిన కేసులో కుర్రాళ్లకు చెప్పింది సింగపూర్‌లో డేటా ఎంట్రీ ఉద్యోగం. తీసుకెళ్లింది బ్యాంకాక్ మీదుగా కంబోడియాకు, టూరిస్ట్ వీసా మీద. ఒక్కొక్కరి దగ్గర లక్షన్నర దాకా ఏజెంట్లు తీసుకున్నారు. చేయించింది పార్సిల్‌లో డ్రగ్స్ ఉన్నాయని బెదిరించే ఫోన్లు, షేర్ల పెట్టుబడి మోసాలు, ఆన్‌లైన్‌లో చిన్న చిన్న పనులకు డబ్బిస్తామని ఆశపెట్టే టాస్క్ గేమ్ మోసాలు.

మన చట్టం దీన్ని ఏమంటుందో చూడండి. భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షన్, అంతకుముందు ఐపీసీ 370. మనిషిని దోపిడీ చేయడం కోసం బెదిరించి గానీ, బలవంతపెట్టి గానీ, మోసగించి గానీ చేర్చుకోవడం, తరలించడం, అట్టే పెట్టుకోవడం అక్రమ రవాణా. మోసం అన్న మాట అందులోనే ఉంది. ఎత్తుకెళ్లడం ఒక పద్ధతి మాత్రమే. ఆడా మగా అన్న తేడా లేదు. బాధితుడు ఒప్పుకున్నాడా లేదా అన్నది ఈ నేరాన్ని తేల్చేటప్పుడు లెక్కలోకి రాదని కూడా అదే సెక్షన్ చెబుతోంది. ఒకరికి మించి మనుషుల్ని తరలిస్తే కనీసం 10 ఏళ్లు, యావజ్జీవం దాకా శిక్ష. మానవ అక్రమ రవాణాను అరికట్టడానికి 2000లో వచ్చిన ఐరాస ఒప్పందం, పలెర్మో ప్రోటోకాల్ కూడా మోసంతో, బలవంతంతో సంపాదించిన ఒప్పుకోలు చెల్లదనే అంటుంది. దాన్ని భారత్ 2011లో ఆమోదించింది.

పాస్‌పోర్టు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇది చాలామందికి తెలియదు. గల్ఫ్ వైపు కూలికి వెళ్లే, పదో తరగతి తప్పిన మనిషి పాస్‌పోర్టు మీద ఈసీఆర్ ముద్ర ఉంటుంది, అంటే పనికి వెళ్లే ముందు ప్రభుత్వ తనిఖీ తప్పదని. అతను 18 దేశాల్లో దేనికి పనికి వెళ్లాలన్నా ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనే ప్రభుత్వ అధికారి అనుమతి కావాలి. ఒకరు ఆ కాగితాలు చూస్తారు. పదో తరగతి పాసైనవాడికి ఆ అడ్డు లేదు. ఆ 18 దేశాల జాబితాలో కంబోడియా, లావోస్, మయన్మార్ లేవు కూడా. అంటే మన మెసేజ్ వాళ్ల తప్పుకు రుజువుగా చూపిస్తున్న ఆ చదువు, ఆ శుభ్రమైన పాస్‌పోర్టే ఏజెంటుకు దారి సాఫీ చేశాయి. ఇక ఏజెంట్ల మాట. 1983 ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా విదేశీ ఉద్యోగాలకు మనుషుల్ని పంపడమే నేరం. రిజిస్టరైన ఏజెంటు కూడా 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు. లక్షన్నర అడిగినవాడు అక్కడే దొరికిపోయాడు. ఈ పరిమితి గురించి టీవీలో, బస్టాండ్ గోడ మీద ఎంత గట్టిగా చెబుతున్నామో మనమే ఆలోచించాలి.

"ఫోను చేతిలోనే ఉందిగా, చెప్పొచ్చుగా?"

ఈ ప్రశ్న నన్ను ఎక్కువ బాధపెట్టింది, ఎందుకంటే నేనూ ఆ అబ్బాయిని ఇదే అడిగాను. వాడు తల దించుకుని, "ఫోన్లు రెండన్నా" అన్నాడు. సొంత ఫోను గేటు దగ్గరే తీసేసుకున్నారు. పనికిచ్చిన ఫోనులో ప్రతి మాటా సూపర్‌వైజరు చూస్తాడు. ఇంటికి కాల్ చేయనిస్తే పక్కనే ఒకడు నిలబడతాడు. అందుకే పిన్నికి వాడు ప్రతి ఆదివారం "బాగున్నానమ్మా, తింటున్నానమ్మా" అనే చెప్పాడు. పాస్‌పోర్టు వాళ్ల దగ్గరే. వీసా గడువు ఎప్పుడో దాటింది, గేటు దాటినా అక్కడి పోలీసుల లెక్కలో వాడు దొంగచాటుగా ఉంటున్నవాడే. వెళ్లిపోతానంటే "నీ మీద ఖర్చు పెట్టిన డాలర్లు కట్టి వెళ్లు" అంటారు. తిరిగొచ్చిన చాలామంది టార్గెట్ చేరకపోతే తిండి ఆపేసేవాళ్లని, చీకటి గదిలో పెట్టేవాళ్లని, కరెంట్ షాక్ ఇచ్చేవాళ్లని చెప్పారు.

నోరు విప్పలేదన్న మాట కూడా తప్పు. 2024 మే 20న కంబోడియాలోని సిహనౌక్‌విల్ ఊళ్లో జిన్‌బెయ్ అనే మోసాల కేంద్రంలో దాదాపు 300 మంది భారతీయులు తిరగబడ్డారు. వీడియోలు తీసి మన పోలీసులకే పంపారు. ఆ వారంలోనే 60 మంది తొలి విడతగా ఇంటి దారి పట్టారని మన ఎంబసీ ప్రకటించింది. అదే జిన్‌బెయ్ పేరు 2025 అక్టోబరులో అమెరికా ప్రాసిక్యూటర్ల అభియోగపత్రంలో కనిపించింది. కంబోడియాలోని పెద్ద వ్యాపార సంస్థ ప్రిన్స్ గ్రూప్ అప్పటి అధిపతి చెన్ ఝీ మీద పెట్టిన కేసు అది. జిన్‌బెయ్ లాంటివి మనుషుల్ని నిర్బంధించి పని చేయించిన ప్రాంగణాలని అందులో ఆరోపించారు. దాదాపు 1,27,000 బిట్‌కాయిన్లు, అప్పటి ధరలో 1,500 కోట్ల డాలర్ల సొత్తు జప్తు చేయడానికి కోర్టుకెళ్లారు. మన వీధి కుర్రాడు టార్గెట్ చేరలేదని తన్నులు తిన్నది ఇంతటి వ్యాపారంలో.

"వాళ్లూ దొంగలే, జైల్లో వేయాలి."

మోసపోయినవాళ్ల కోపం నాకు తెలుసు. రిటైరయ్యాక వచ్చిన డబ్బంతా ఒక్క ఫోన్ కాల్‌కు పోగొట్టుకున్నవాళ్లకు ఎవరి మీద జాలి పుడుతుంది? తెలిసే వెళ్లినవాళ్లు, అక్కడికి చేరాక ఊళ్లో స్నేహితుల్ని రప్పించి కమీషన్ తిన్నవాళ్లు కూడా ఉన్నారు. వాళ్ల మీద కేసు పెట్టాల్సిందే. ఎవరు ఏ కోవలోకి వస్తారో దర్యాప్తులో తేలాలి, వాట్సాప్‌లో కాదు. అక్రమ రవాణాకు గురైనవాడి చేత ఆ స్థితిలో చేయించిన నేరానికి అతన్ని శిక్షించకూడదని ఐరాస మానవ హక్కుల కార్యాలయం 2002లోనే సూత్రాలు రాసింది. మన చట్టంలో అంత స్పష్టమైన మాట లేదు. న్యాయ సంహిత 32వ సెక్షన్ ఉంది గానీ, అప్పటికప్పుడు ప్రాణం తీస్తారన్న భయంతో చేసిన పనికే అది రక్షణ. పాస్‌పోర్టు లాక్కుని నెలల తరబడి కొట్టి చేయించిన పనికి అది సరిపోదు. దీన్ని సవరించాలని గట్టిగా అనుకుంటున్నాను.

విమానాల ఖర్చు దండగ అన్నదానికి పెద్ద జవాబు అక్కర్లేదు. 2025 మార్చిలో రెండు రోజుల్లో 549 మందిని, నవంబరులో మయన్మార్‌లోని కేకే పార్క్ అనే మోసాల కేంద్రం మీద దాడుల తర్వాత మరో 467 మందిని వైమానిక దళం విమానాల్లో థాయ్‌లాండ్‌లోని మే సోత్ నుంచి తెచ్చారు. థాయ్‌లాండ్ సరిహద్దు అవతల మయన్మార్‌కు కరెంటు ఆపింది, స్పేస్‌ఎక్స్ అక్కడ ఉపగ్రహ ఇంటర్నెట్ ఇచ్చే 2,500కు పైగా స్టార్‌లింక్ యంత్రాలను ఆపేసింది. ఇవన్నీ అవసరమే. కానీ మన ఊళ్లో ఏజెంటును పట్టుకోవాలంటే అతన్ని చూసినవాడు, అతనికి డబ్బు పంపినవాడు నోరు తెరవాలి. వాణ్ణి దొంగ అని ముందే ముద్ర వేస్తే స్టేషన్ మెట్లు ఎందుకు ఎక్కుతాడు?

పిన్ని వాళ్లబ్బాయి ఎక్కలేదు. వచ్చిన నాటి నుంచి తప్పించుకు తిరిగాడు. గ్రూపులో ఆ మెసేజ్ తనూ చూశానని నిన్ననే చెప్పాడు. ఇవాళ పొద్దున ఇద్దరం స్టేషన్‌కు వెళ్లాం. విమానం టికెట్టు, ఏజెంటుకు ఫోన్‌పే చేసిన రసీదులు, ఇంటర్వ్యూ నాటి చాట్ ప్రింట్లు ఒక కవర్లో పెట్టి పిన్ని చేతికిచ్చింది. రైటర్ కుర్చీ చూపించి, కవరు విప్పి, చాట్ కాగితం పైకి తీశాడు. "తమ్ముడూ అని పిలుస్తున్నాడే, వీడు నీకు మొదట ఎక్కడ తగిలాడు?" అని అడిగాడు. మావాడు మొదలుపెట్టాడు.