అంకుల్ ఐక్ చెక్కు పుస్తకానికి

మహారాజశ్రీ చెక్కు పుస్తకం గారికి,

నిన్న ఓ అభ్యర్థి ర్యాలీలో మా బస్సు ఇరుక్కుని మధ్యాహ్నమంతా హరించుకుపోయింది. ఎండ, డీజే మోత, కళ్లెదుటే బిర్యానీ పొట్లాల పంపకం. పక్క సీటు పెద్దాయన "పాతకాలం నాయకులు ఇలా డబ్బు చల్లేవాళ్లు కాదండీ" అని నిట్టూర్చారు. పాతకాలమంటే తమరే కదా! తమరిని మర్చిపోతే నాకు కోపం రాదూ?

తమ యజమాని ఐజాక్ స్టీఫెన్‌సన్, జనం నోట అంకుల్ ఐక్, అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రపు అడవుల్లో కలప కొట్టించి, మారినెట్‌లో మిల్లులు నడిపి కోట్లకు పడగలెత్తారు. అక్కడ నదిలో తేలొచ్చే దుంగల్లో ఎవరివేవో తెలియాలని కొసన సుత్తితో గుర్తు కొట్టేవారు. ఒక్క దుంగ పక్కవాడి మిల్లుకు పోయినా ఊరుకునే వ్యాపారమా అది?

1880ల్లో మూడుసార్లు ప్రతినిధుల సభకు వెళ్లొచ్చారు, సరే. ఆ మనిషే 1908లో సెనేట్ సీటు కోసం, అదీ పార్టీ అభ్యర్థిని జనం ఓట్లతో ఎంచుకునే ప్రైమరీలోనే, తమ చేత 1,07,793 డాలర్లు కక్కించారు. సెనేటర్ జీతం ఏడాదికి 7,500. ఆరేళ్లదీ కూడితే 45,000. లాభం లేనిదే వ్యాపారి వరదన పోడంటారే, ఇదేం లెక్కండీ? పైగా డబ్బంతా ప్రచార మేనేజర్ల చేతుల్లో పోసి ఊరుకున్నారు. దుంగలకేమో సుత్తి గుర్తులు, డాలర్లకు గాలి!

అసలు ఆ ప్రైమరీ ఎందుకొచ్చింది? అభ్యర్థి ఎంపికను పార్టీ పెద్దల గుప్పిట్లోంచి లాగి జనం చేతిలో పెట్టాలని విస్కాన్సిన్ నాయకుడు లాఫాలెట్ పోరాడితే వచ్చింది. ఆయనకు డబ్బిచ్చిందీ, ఆయన కోసం పత్రిక పెట్టించిందీ తమరే. కొత్త రోడ్డు తమరే వేయించి, దాని మీద కలప బండి తమరే తోలారన్నమాట. ఆ ప్రైమరీ ఖర్చు మీద విచారణ జరిగింది. 1912లో సెనేట్ 40-34 ఓట్లతో సీటు తమకే ఉంచేసింది. అక్కడ మాత్రం ఒళ్లు మండింది. లక్ష డాలర్లు పోసినవాడికి ఆ సీటు దక్కితే, లేనివాడు ఏ మొహం పెట్టుకుని నామినేషన్ వేస్తాడు?

అయినా తమరు ఆ లక్షా ఏడు వేలూ లెక్కలో చూపించారు. మా దగ్గర అసెంబ్లీ అభ్యర్థికి పరిమితి 40 లక్షలు. దాటామని రాసిచ్చిన మొనగాణ్ణి ఇంతవరకూ చూడలేదు. ఈ విషయంలో మాత్రం తమకో దండం.

ఇట్లు,
కవరు అందని ఓటరు