ఇదా ఆర్‌ఎస్, బావా?

ఇప్పుడే బెంగళూరు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో అక్కావాళ్ల ఇంటి నుంచి వచ్చా. ఒళ్లు ఇంకా మండుతూనే ఉంది.

మా బావ కొత్త స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ కారు కొన్నాడు. దేశం మొత్తానికి వచ్చినవే 100 కార్లు, షోరూమ్ ధరే 49.99 లక్షలు. సంతోషం. కొబ్బరికాయ కొట్టింది కూడా నేనే. కానీ బేస్‌మెంట్‌లో అంతమంది ముందు నా భుజం తట్టి, "ఇదిరా ఆర్‌ఎస్ అంటే! నీ పాత డబ్బా కాదు" అన్నాడు చూడండి...

డబ్బానా? నాదీ ఆక్టేవియా ఆర్‌ఎస్సే, పాత మోడల్! ఆర్‌ఎస్ అంటే ర్యాలీ స్పోర్ట్ అని ఈయనకు తెలుసా? 1977లోనే స్కోడా 130 ఆర్‌ఎస్ మాంటే కార్లో ర్యాలీలో తన ఇంజిన్ సైజు క్లాస్‌లో గెలిచింది. ఆక్టేవియా పేరైతే 1959 నాటిది. ఇవన్నీ చెబితే "ఈఎంఐ ఎంతో తెలుసా?" అంటాడు.

సరే, తాళం ఇచ్చాడు, నడిపా. 265 హార్స్‌పవర్. నా పాతదానికి 150. 6.4 సెకన్లలో వంద అందుకుంటుందట. ఎక్కడండీ అందుకునేది, సిల్క్ బోర్డ్ దగ్గరా? ముందు నీళ్ల ట్యాంకర్, పక్కన రెండు ఆటోలు. పానీపూరి బండి తోసుకుంటూ ఒకాయన మమ్మల్ని దాటుకుని వెళ్లిపోయాడు.

పోనీ చేతికైనా పనుందా? క్లచ్ లేదు, ఎడమ కాలు చుట్టపు చూపుగా వచ్చినట్టు ఊరికే కూర్చుంది. ఎడమ చెయ్యి గేర్ రాడ్ కోసం వెతికితే చిన్న స్విచ్ తగిలింది. ఏడు గేర్లు, అన్నీ అవే పడతాయి. "స్టీరింగ్ వెనక గేర్లు మార్చే ప్యాడిల్స్ ఉన్నాయి కదా బ్రో" అని ఎవరూ కామెంట్ పెట్టకండి, దండం పెడతా.

నాది ఏపీ 26, నెల్లూరు రిజిస్ట్రేషన్ బండి, సెకండ్ హ్యాండ్. 1.8 టర్బో, ఐదు గేర్లు, అన్నీ మనమే వెయ్యాలి. కాసేపు బద్ధకంగా ఉండేది, తర్వాత ఎవరో వీపు మీద చెయ్యేసి తోసినట్టు కదిలేది. నాయుడుపేట దాటాక మూడో గేర్లో ఆ తోపు తగిలితే పక్క సీట్లో మా నాన్న "నిదానంరా" అనేవాడు, నవ్వుతూనే.

దాన్ని అమ్మించింది ఎవరనుకున్నారు? ఈ బావే! నా పెళ్లికి ముందు "పెట్రోల్ తాగుద్ది, స్పేర్లు దొరకవు, పిల్లనిచ్చేవాళ్లు ఏమనుకుంటారు" అని నాన్న చెవిలో జోరీగలా రొద పెట్టి, ఆయనే బేరమాడి, ఆయన ఫ్రెండ్‌కే ఇప్పించాడు. నాకు డీజిల్ హ్యాచ్‌బ్యాక్ అంటగట్టారు. పద్నాలుగేళ్లు గడిచాక అదే పేరున్న కారు తను కొనుక్కుని, ఆర్‌ఎస్ అంటే ఏంటో నాకు పాఠం చెబుతున్నాడు.

ఇంటికి రాగానే ఆ ఫ్రెండ్‌కి మెసేజ్ పెట్టా, బండి అమ్ముతారా అని. "అమ్మను బ్రదర్, ఇలాంటివి ఇప్పుడు రావు" అన్నాడు.

అది బావకి ఫార్వర్డ్ చేశా. బ్లూ టిక్కులు పడి గంటైంది.