టేపు వేయని స్విచ్చు

మా ఇంట్లో ఒక నాస్ ఉంది. నాస్ అంటే ఇంటి నెట్‌వర్క్‌కి తగిలించుకునే ఫైళ్ల పెట్టె. ఫొటోలు, పాత ఫైళ్లు దాచుకోవడానికి కొన్నాను. పొట్టలో రెండు హార్డ్ డిస్కులు పెట్టుకుని పగలూ రాత్రీ గుర్రుమంటూ అలమరా పక్కన కూర్చుని ఉంటుంది. మొదటిరోజు దాని పేరు చెప్పగానే అమ్మ "నాసు అంటే నాసిరకమా?" అని అడిగింది. కాదమ్మా అని అరగంట విడమరిచి చెప్పాను. అంతా విని, "పోనీలే, కొనేశావుగా" అని ఓదార్చింది.

ఖాళీగా కూర్చున్నవాణ్ని చూస్తే ఓర్వలేకపోవడం మా ఇంట్లో అందరికీ ఉన్న గుణమే. మిగతావాళ్లు నన్ను చూసి ఓర్వలేరు, నేను నాస్‌ని చూసి ఓర్వలేకపోయాను. ఇరవైనాలుగు గంటలూ కరెంటు తాగుతోంది, చేసే పని మాత్రం పాత ఫొటోల మీద కూర్చోవడం. దీనితో ఇంకో చాకిరీ చేయించాలనిపించింది.

హోమ్ అసిస్టెంట్ అని ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. ఇంట్లో దీపాలు, ప్లగ్గులు, సెన్సర్లు ఒక్కోటి ఒక్కో కంపెనీదైనా అన్నిటినీ ఒక్క తాటిమీద నడిపిస్తుంది. నాస్‌లో దాన్ని కంటైనర్‌గా పెట్టుకోవచ్చు. కంటైనరంటే అద్దె గది అనుకోండి. సాఫ్ట్‌వేర్ తన సరంజామా అంతా వెంట తెచ్చుకుని అందులో దిగుతుంది, ఇంటి ఓనరైన నాస్ సామాన్లు ముట్టుకోదు. ఇలాంటి గదులు చూసుకునే డాకర్, ఈ హోమ్ అసిస్టెంట్ రెండూ 2013లోనే బయటికొచ్చాయి. ఒకే ఈడువాళ్లు, జాతకాలు కలుస్తాయనుకున్నాను. నా జాతకం కూడా చూసుకోవాల్సింది.

గది అద్దెది కాబట్టి ఒక చిక్కుంది. కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా పాత గది పడగొట్టి కొత్తది కడతారు. లోపల వదిలేసిన సామాను గదితోపాటే పోతుంది. అందుకే ముఖ్యమైనవన్నీ ఓనరు దగ్గర ఒక ఫోల్డర్‌లో దాచుకోవాలి. కాన్ఫిగ్ అనే ఆ ఫోల్డరు పేరు అన్నీ చిన్న అక్షరాల్లో రాయాలి. నేను మర్యాదకి మొదటిది పెద్దక్షరం పెట్టాను. లోపల అంతా నడిపించే లినక్స్‌కి ఈ మర్యాదలు తెలియవు. చిన్నక్షరం వేరు, పెద్దక్షరం వేరు, అంతే. మూడు వారాలు బ్రహ్మాండంగా నడిచింది. నాలుగో వారం కొత్త వెర్షన్ వేశాను. తెర తెరుచుకోగానే నన్నెప్పుడూ చూడనట్టు స్వాగతం చెప్పి, మీ పేరేమిటి అని అడిగింది. మూడు వారాల కాపురం చేసి మీ పేరేమిటి అంటే ఎలా ఉంటుందో పెళ్లయినవాళ్లకి చెప్పక్కర్లేదు.

సరే, మళ్లీ మొదటినుంచీ పెట్టుకున్నాను. బల్బులు, ప్లగ్గులు వైర్లు లేకుండా మాట్లాడుకునే భాష జిగ్బీ. ఆ భాష వచ్చిన చిన్న యూఎస్‌బీ పుల్లని, అంటే డాంగిల్‌ని, నాస్ వెనక గుచ్చితే సగం పరికరాలు పలకలేదు. యూఎస్‌బీ 3 పోర్టు చేసే రేడియో రొద, జిగ్బీ మాట్లాడుకునే 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే పడుతుందట. చెవి పక్కన మిక్సీ పెట్టి గుసగుసలాడమన్నట్టు. ఎక్స్‌టెన్షన్ వైరు వేసి డాంగిల్‌ని దూరంగా గోడకి వేలాడదీశాక అందరూ పలికారు.

అప్పుడొచ్చింది టేపు.

స్మార్ట్ బల్బుకి ఎప్పుడూ కరెంటు ఉండాలి. గోడమీద స్విచ్చు ఆపేస్తే బల్బుకి స్పృహ తప్పుతుంది, ఇక ఫోన్‌లో ఎంత పిలిచినా పలకదు. అందుకని ఇంట్లో ఉన్న దీపాల స్విచ్చులన్నిటినీ వేసే ఉంచి, పైన తెల్ల టేపు అంటించి, "నొక్కరాదు" అని రాశాను. మొత్తం తొమ్మిది స్విచ్చులు. వాటి బదులు కదలిక పసిగట్టే సెన్సర్లు పెట్టాను. మనిషి వస్తే వెలుగుతుంది, పోతే ఆరుతుంది.

"దీపాలు వేసుకోవడం తేలిక చేస్తున్నానన్నారు. ఇప్పుడు స్విచ్చు ముట్టుకోకూడదంటున్నారు," అంది మా ఆవిడ.

"ముట్టుకోవాల్సిన అవసరమే లేకుండా చేశాను."

"మరి టేపు ఎందుకు?"

దీనికి జవాబు ఇప్పటికీ తట్టలేదు.

అమ్మ మాత్రం పద్ధతి మనిషి. ఒకసారి చెబితే చాలు. "టేపు ఉన్నవి ముట్టుకోకూడదు, అంతేగా?" అంది. అంతేనమ్మా అన్నాను. ఆ మాట గుర్తుపెట్టుకోండి, నేను పెట్టుకోలేదు.

ఇదంతా నడుస్తుండగా, ఈ నాస్ అసలు ఎంత కరెంటు తాగుతుందో చూద్దామనిపించింది. వాట్లు లెక్కచెప్పే స్మార్ట్ ప్లగ్గు ఒకటి తెచ్చి, గోడకీ నాస్‌కీ మధ్య పెట్టాను. తెరమీద 18 వాట్లు, 21 వాట్లు అని గీత పైకీ కిందికీ పాకుతుంటే, నాడి చూస్తున్న వైద్యుడిలా రోజుకి పదిసార్లు చూసుకునేవాణ్ని. అలా చూసుకోవడానికి నేను వాడిన కరెంటు ఆ లెక్కలో లేదు.

వాట్లు కనపడటం మొదలయ్యాక మనిషికి పొదుపు జబ్బు పట్టుకుంటుంది. ఎవరూ చూడని టీవీ, ఎవరూ పెట్టని ఛార్జర్, అన్నీ రాత్రంతా తలా ఒకటిరెండు వాట్లు నాకుతూ కూర్చున్నాయి. ఒక ఆటోమేషన్ రాశాను. రాత్రి 11 గంటలకు ప్లగ్గులన్నీ ఆపు. ఆరు ప్లగ్గుల పేర్లూ వరసగా రాయాలి. బద్ధకించి, పేర్లు రాయాల్సిన చోట ఆల్ అని ఒక్క ముక్క రాసి పడుకున్నాను.

రాత్రి రెండింటికి అమ్మ పిలిచింది. బాత్రూమ్ దీపం వెలగడం లేదు. "వచ్చి చేతులు కూడా ఊపాను రా, చూడలేదు," అంది. ఫోన్ తీస్తే యాప్ కలవడం లేదంటుంది. చీకట్లో తడుముకుంటూ పోయి చూస్తే నాస్ చల్లగా, నల్లగా ఉంది. గుర్రు లేదు. దాని బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. ప్లగ్గు ఊడదీసి, మళ్లీ గుచ్చి, ప్లగ్గు మీది బటన్ నొక్కాను. బీప్ బీప్ అంటూ లేచి, నన్ను సరిగ్గా ఆపకుండా కరెంటు పీకేశారు, డిస్కులు చెక్ చేసుకోవాలి అని నిష్ఠూరమాడింది. ప్లగ్గు వదులుగా ఉందనుకుని, గట్టిగా నొక్కి పడుకున్నాను.

రెండోరాత్రీ అంతే. ఈసారి ప్లగ్గుకి వదులన్న సాకు లేదు. పొద్దున్నే విచారణ మొదలుపెట్టాను. మా అమ్మాయిని అడిగితే "నేను ఆ గదిలోకే రాలేదు నాన్నా," అంది. వైరుకి ఎవరి కాలో తగిలి ఉంటుందని మా ఆవిడ వైపు చూశాను. అలా చూసి ఉండాల్సింది కాదు.

"రెండు రోజులూ పదకొండుకే పోయినట్టుంది," అంది తను. "టీవీ ప్లగ్గు ఆగిన టైముకే. మీరేదో పదకొండుకి పెట్టానన్నారుగా?"

"అది ప్లగ్గుల సంగతి. ఇది నాస్ సంగతి," అన్నాను, తెలియనివాళ్లకి చెప్పే గొంతుతో.

అసలు సాక్ష్యం కోసం చిట్టా తెరిచాను. ఎవరు ఎప్పుడు ఏది వేశారో, ఏది ఆపారో అంతా అందులో ఉంటుంది. సాయంత్రం హాలు దీపం వెలిగింది, పది గంటలకి అమ్మ గదిలో కదలిక, పదింపావుకి వంటింటి దీపం ఆరింది. ఆ తర్వాత పదకొండుకి రెండు సెకన్ల ముందు వరకూ అంతా మామూలే. అక్కడితో సరి. హంతకుడి పేరు లేదు. ఎందుకు లేదో తర్వాత తెలిసింది. హోమ్ అసిస్టెంట్ జరిగింది జరిగినట్టు అప్పటికప్పుడు డిస్కులో రాసేయదు, మామూలుగా 5 సెకన్లకోసారి మూటగట్టి రాస్తుంది. ఆపమని ఆజ్ఞ ఇచ్చిన మరుక్షణమే దానికి ఊపిరి పోతోంది. మరణవాంగ్మూలం రాసుకోవడానికి 5 సెకన్లు కావాలి, అంత వ్యవధి లేదు.

ఇంకో చిన్న ఆధారం కూడా కళ్లముందే ఉంది, నేనే చూడలేదు. రాత్రి పదకొండుకి ఆరు ప్లగ్గుల్లో నాలుగే ఆగేవి. ఆ నాలుగింట్లో ఒకటి నాస్‌ది. మిగతా రెండింటికీ కబురు అందేలోపే కబురు పంపేవాడు పోయాడన్నమాట. నేనేమో ఆ రెండు ప్లగ్గులూ నాసిరకమని తిట్టుకున్నాను.

మూడోరాత్రి కాపలా కాశాను. నాస్ ఎదురుగా కుర్చీ వేసుకుని, చేతిలో టార్చి పెట్టుకుని కూర్చున్నాను. పదిన్నర. నీలం దీపం మెరుస్తోంది. పదీ యాభై ఐదు. డిస్కులు హాయిగా గుర్రుమంటున్నాయి. పాపం, వీటికేమీ తెలియదు కదా అని జాలేసింది. పదకొండు. పక్కగదిలో టక్ అంది, టీవీ ప్లగ్గు. హాల్లో టక్. వంటింట్లో టక్. దొంగ ఒక్కో గదీ దాటుకుంటూ నా వైపే వస్తున్నట్టుంది. ఊపిరి బిగబట్టాను.

నా ముక్కు ముందే టక్.

గుర్రు ఆగిపోయింది. నీలం దీపం ఆరింది. చీకట్లో నేనూ, కుర్చీ మిగిలాం.

కూర్చున్న కొమ్మని నరుక్కునేవాడి గురించి చిన్నప్పుడు విన్నాను కానీ, వాడికి గొడ్డలి ఇచ్చి టైము కూడా రాసిచ్చినవాడి గురించి ఎవరూ చెప్పలేదు. నేను రాసింది ఒకసారి చదువుకుందామంటే, ఆ రాత కూడా చచ్చిపోయిన పెట్టెలోనే ఉంది. దాన్ని బతికించి, బీపులు విని, డిస్కుల నిష్ఠూరం విని, కంటైనర్ లేచేదాకా పది నిమిషాలు ఆగి తెరిస్తే, మూడు వరసల్లో తీరుబడిగా కూర్చుని ఉంది. ఆల్. అన్నీ అన్నావు, అన్నీ ఆపాను, నాతో సహా. ఇంత విధేయత ఇంట్లో ఇంకెవరి దగ్గరా చూడలేదు.

"దొరికిందా?" అంది మా ఆవిడ నిద్రమత్తులో.

"ఆ. ప్లగ్గులో రిలే పాడైనట్టుంది," అన్నాను.

తను అటు తిరిగి పడుకుంది. ఆ తిరగడంలో నాకు కాస్త అనుమానం వచ్చింది గానీ, అర్ధరాత్రి తీగ లాగితే డొంక కదులుతుందని ఊరుకున్నాను.

ఆ రాత్రే స్మార్ట్ ప్లగ్గు పీకేసి నాస్‌ని నేరుగా గోడలో గుచ్చాను. ఇక దాన్ని ఆపగలిగే ఆటోమేషన్ ఈ లోకంలో లేదు. వాట్ల గీత పోయిందన్న దిగులు తప్ప మనసు తేలికైంది.

పొద్దున ఏడింటికి యాప్ కలవడం లేదు.

పరుగెత్తాను. నాస్ చల్లగా, నల్లగా ఉంది. గోడమీద స్విచ్చు కిందికి లేదు, పైకి ఉంది. ఆపేసి ఉంది.

"నేనే ఆపాను రా," అంది అమ్మ. "తెల్లారినా ఆ నీలం దీపం వెలుగుతూనే ఉంది, కరెంటు దండగని. టేపు ఉన్నవి ముట్టుకోవద్దన్నావు, దానికి టేపు లేదుగా."

నిజమే. అన్నిటికీ వేశాను, దానికే వేయలేదు. టేపు చుట్ట స్టోర్ రూమ్‌లో ఉంది. కిటికీ లేని గది. తలుపు తీసి లోపలికి అడుగుపెట్టి, అలవాటుగా చేతులు ఊపాను. వెలగలేదు. సెన్సర్ చూసినా చెప్పడానికి అవతల ఎవరూ లేరు.

అమ్మ నన్ను పక్కకి జరిపి, గోడమీది టేపు పీకి, స్విచ్చు ఒకసారి ఆపి మళ్లీ వేసింది. దీపం వెలిగింది. పీకిన టేపు ముక్కని నా చేతిలో పెట్టి, "ఇంకా జిగురుందిలే, దానికి అంటించు," అంది.