మబ్బులో ఏముందో మధ్యాహ్నమే కొలవాలి

రోజూ ఉదయం, సాయంత్రం 5.30 ప్రాంతంలో బేగంపేట నుంచి వాతావరణ శాఖ బెలూన్ ఎగురుతుంది. దాని కింద వేలాడే పెట్టె అరచేతిలో ఇమిడిపోతుంది. ఉష్ణోగ్రత, తేమ కొలిచి రేడియోలో కిందికి పంపుతూ దాదాపు 30 కిలోమీటర్ల ఎత్తుకు పోతుంది. అక్కడ బెలూన్ పగిలిపోతుంది.

వేసవిలో మన దగ్గర ఉరుముల మబ్బులు లేచేది ఎక్కువగా మధ్యాహ్నం దాటాక. పొద్దుటి బెలూన్‌కు వాటి జాడే తెలియదు. సాయంత్రం బెలూన్ ఎగిరేసరికి చెట్లు కూలి, కరెంటు పోయి, కల్లాల్లో ధాన్యం తడిసిపోయి ఉంటుంది. ఈ ఖాళీని పూడ్చగలిగేవి డ్రోన్‌లకు బిగించే చిన్న సెన్సర్లే.

రాడార్లు ఉన్నాయి కదా అంటారు. రాడార్ నీళ్లను కొలవదు, చినుకులకు తగిలి తిరిగొచ్చే తరంగాన్ని కొలుస్తుంది. చినుకు వ్యాసం రెట్టింపైతే అందులో నీరు 8 రెట్లవుతుంది, తిరిగొచ్చే తరంగం బలం మాత్రం 64 రెట్లు. అంటే 2 మిల్లీమీటర్ల చినుకు ఒక్కటి, 1 మిల్లీమీటరు చినుకులు 64, రాడార్‌కు ఒకేలా కనిపిస్తాయి. కానీ ఆ 64 చినుకుల్లో నీళ్లు ఎనిమిదింతలు! ఎవరో ఒకరు దగ్గరికెళ్లి కొలవకపోతే ఈ తేడా ఎలా తెలుస్తుంది?

2014లోనే అమెరికా ఎడ్వర్డ్ హరికేన్‌లోకి కొయొటీ అనే చిన్న డ్రోన్‌ను విమానం నుంచి వదిలింది. పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం 2009 నుంచి కైపీక్స్ అనే మబ్బుల పరిశోధన పేరుతో మబ్బుల్లోకి విమానాలు పంపింది, హైదరాబాద్ మీదా ఎగిరాయి. అది మంచి పనే, కానీ విమానాన్ని రోజూ పంపలేం.

డ్రోన్ ఈదురుగాలికి నిలవదు, రెక్కలకు మంచు పడుతుంది, విమానాలకు అడ్డం అన్న భయాలు నిజమైనవే. అందుకే ఉరుముల మబ్బు నడిమధ్యకు వద్దు. మబ్బు పుట్టకముందే, విమానాల దారికి దూరంగా, కింది 3 కిలోమీటర్ల గాలిలోకి పంపుదాం. మబ్బుకు మేత అక్కడి తేమే.

ఇక నాకు అన్నిటికంటే ముఖ్యమైన మాట. డ్రోన్ కొలిచిన ఆ లెక్కలు జనం చేతికి రావాలి. తెలంగాణలో వెయ్యికి పైగా ఆటోమేటిక్ వెదర్ స్టేషన్ల వివరాలు బయటికి వస్తున్నాయి కాబట్టే ఔత్సాహిక కుర్రాళ్లు ఊరూరి వాన చెప్పగలుగుతున్నారు. లెక్కలు చేతిలో లేకపోతే వాదనలే మిగులుతాయి. ఉమ్మడి రాష్ట్రంలో ఏళ్ల తరబడి మేఘమథనం, అంటే వాన కోసం మబ్బుల్లో మందు చల్లడం, చేశాం. అనంతపురంలో పడిన వాన మందు చల్లితే పడిందా, తనంతట తానే పడిందా అన్న వాదన ఈనాటికీ తెగలేదు.

2024 సెప్టెంబరులో కేంద్రం వాతావరణ అంచనాలను మెరుగుపరిచే మిషన్ మౌసమ్‌కు 2,000 కోట్ల రూపాయలతో ఆమోదం తెలిపింది. అందులోంచి హైదరాబాద్ శివార్లలో, మచిలీపట్నంలో, విశాఖలో రోజూ మధ్యాహ్నం 12కి ఒక్కో డ్రోన్ ఎగరాలి. ఒంటిగంటకల్లా దాని లెక్కలు ఏ రైతు ఫోన్‌లోనైనా కనిపించాలి.