కారు కొనే ముందు వెనక సీట్లో కూర్చోండి

ఇంట్లో ఐదుగురున్నారు, క్రాసోవర్, అంటే ఎస్‌యూవీలా ఎత్తుగా ఉండే కారు, కొందామనుకుంటున్నారు. అయితే టెస్ట్ డ్రైవ్‌లో స్టీరింగ్ పట్టుకున్న మనిషి అభిప్రాయం చివర్లో అడగండి. ముందు అడగాల్సింది వెనక కూర్చునే ముగ్గురిని.

2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్లపై జీఎస్టీ 18 శాతం, పెద్దవాటిపై 40 శాతం అయిన సంగతి తెలిసిందే. పెట్రోలు కారు 18 శాతంలో ఉండాలంటే పొడవు నాలుగు మీటర్లు, ఇంజిన్ 1200 సీసీ దాటకూడదు. అందుకే నెక్సాన్, వెన్యూ, సోనెట్ అన్నీ 3,995 మిల్లీమీటర్ల దగ్గర ఆగాయి. బ్రెజా పొడవూ అంతే, కానీ ఇంజిన్ 1462 సీసీ కాబట్టి 40 శాతంలో పడింది. ఈ కొలతలో బానెట్, బంపర్లు పోగా మిగిలిందే మనకి. కోత పడేది ముందు సీటుకి కాదు, వెనక మోకాళ్ల దగ్గర, డిక్కీలో. ఫ్రాంక్స్ అనే క్రాసోవర్ పునాది బలేనో అనే మామూలు హ్యాచ్‌బ్యాక్‌దే, ఎత్తు పెరిగినంత మాత్రాన లోపల చోటు పెరగదు.

ఎత్తైన కారు మన రోడ్లకి కావాలంటారు, నిజమే. వానాకాలంలో కాలనీల్లో నిలిచే నీళ్లు, అడ్డదిడ్డంగా వేసిన స్పీడ్ బ్రేకర్లు అందరికీ తెలుసు, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకి ఎక్కి దిగడం కూడా తేలికే. కానీ బ్రోషర్‌లో రాసే గ్రౌండ్ క్లియరెన్స్ చాలాసార్లు ఖాళీ కారుది, ఐదుగురూ సామానూ ఎక్కాక అంత ఉండదు.

నాకు అసలు కోపం తెప్పించేది సన్‌రూఫ్. విజయవాడ ఎండల్లో దానితో పనేంటి? దాని కోసం లక్ష అటూ ఇటూ ఎక్కువ పెట్టడానికి వెనకాడని వాళ్లే, వెనక మధ్య సీటుకి మూడు పాయింట్ల బెల్టు, హెడ్‌రెస్ట్ ఉన్నాయా అని అడగరు. 2022 సెప్టెంబరు 4న టాటా సన్స్ మాజీ ఛైర్మన్ సైరస్ మిస్త్రీ రోడ్డు ప్రమాదంలో చనిపోయింది ఖరీదైన, పేరున్న కారులోనే, వెనక సీట్లో, బెల్టు లేకుండా. కార్లని ఢీకొట్టించి పరీక్షించే భారత్ ఎన్‌క్యాప్ పెద్దవాళ్ల భద్రతకి 32 మార్కులకి, పిల్లల భద్రతకి 49కి విడివిడిగా స్కోరు ఇస్తుంది. ప్రకటనలో నక్షత్రాలు చూసి సరిపెట్టుకోకుండా ఆ రెండో స్కోరు చూడండి. పసిపిల్లలున్న ఇంట్లో చైల్డ్ సీటు బిగించడానికి ఐసోఫిక్స్ కొక్కేలు ఉన్నాయో లేదో చేత్తో తడిమి చూడండి.

నిజానికి ఇది కార్ల సమస్య ఒక్కటే కాదు. వంట చేయని మనిషి వంటగది ప్లాన్ ఖాయం చేస్తాడు, వెనక కూర్చోని మనిషి కారు ఖాయం చేస్తాడు. ఈఎంఐ తను కడుతున్నాడు కాబట్టి నిర్ణయమూ తనదే అనుకుంటాడు. ఆ ఈఎంఐ కోసం ఐదేళ్లపాటు సర్దుకునేది మాత్రం ఇంటిల్లిపాదీ. అలాంటప్పుడు అమ్మకి, అత్తగారికి, పిల్లలకి ఓటు లేకపోవడం అన్యాయం.

డీలర్లు చాలామంది టెస్ట్ డ్రైవ్ కారు ఇంటికే పంపిస్తారు. అందరూ ఎక్కండి, ఏసీ వేయండి, ఏదైనా ఫ్లైఓవర్ ఎక్కించండి. అక్కడే 1.2 లీటర్ల మామూలు ఇంజిన్ రొప్పితే తిరుమల ఘాట్ రోడ్డు మీద ఇంకా కష్టపడుతుంది, ఎక్కువ బలమిచ్చే టర్బో ఇంజిన్ కావాలో వద్దో అప్పుడు తేల్చుకోండి. తరచూ ఆరుగురు, ఏడుగురు కలిసి వెళ్లే కుటుంబమైతే అసలు క్రాసోవర్ జోలికి పోకుండా మూడు వరుసల సీట్లున్న ఎర్టిగా, మన పెనుకొండలో తయారయ్యే కేరెన్స్ లాంటివి చూడండి. ఎర్టిగాలో మూడో వరుస వేస్తే డిక్కీ 209 లీటర్లే, రెండు పెద్ద సూట్‌కేసులు పట్టవు. ఇంట్లో ఉన్న సూట్‌కేసులు కూడా డిక్కీలో పెట్టి చూడండి, షోరూమ్ వాళ్లు ఏమనుకుంటారో అని మొహమాటపడకండి.